సోఫియాలో ఒక సాయంత్రం
సోఫియాలో బల్గేరియా పార్లమెంటు ఎదుట ఈరోజు చాలాసేపు నిలబడిపోయాను. భవనం నుదుట ‘ఐక్యతే బలం’ అని వారి భాషలో రాసి ఉంటుంది. నాకు మాత్రం అక్కడ ఒక్క మనిషే గుర్తుకొచ్చాడు, దిమితర్ పెషెవ్.

1943 మార్చి. బల్గేరియా అప్పుడు జర్మనీ పక్షం. యూదులను రైళ్లలో నాజీల మరణశిబిరాలకు తరలించే ఏర్పాట్లు రహస్యంగా పూర్తయ్యాయి. పెషెవ్ సొంత ఊరు క్యుస్తెందిల్ నుంచి కొందరు పరుగున వచ్చి సంగతి చెప్పారు. ఆయన పార్లమెంటు ఉపసభాపతి, పైగా పాలకపక్షం మనిషి. యూదుల హక్కులు హరించిన చట్టాన్ని అంతకుముందు సమర్థించినవాడే. అయినా నేరుగా హోంమంత్రి దగ్గరకు వెళ్లి పట్టుబట్టాడు, తరలింపు ఆగింది. తరువాత 43 మంది సభ్యుల సంతకాలతో ప్రధానికి నిరసన లేఖ పంపాడు. పదవి పోయింది. ప్లోవ్‌దివ్‌లో కిరిల్ అనే మతాధిపతి కూడా రాజుకు తంతి పంపి, నిర్బంధంలో ఉన్న యూదుల పక్షాన నిలిచాడు. బల్గేరియాలోని దాదాపు 48,000 మంది యూదులు ప్రాణాలతో మిగిలారు.

కానీ అదే నెలలో, బల్గేరియా ఆక్రమణలో ఉన్న థ్రేస్, మాసిడోనియా, పిరోట్‌ల నుంచి 11,343 మంది యూదులను పట్టుకుని పోలండ్‌లోని నాజీ మరణశిబిరం ట్రెబ్లింకాకు పంపారు. తీసుకెళ్లి అప్పగించింది బల్గేరియా అధికారులే. ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కనే చెప్పాలి. మొదటిది మాత్రమే చెప్పి గర్వపడితే ఆ 11,343 మందికి మళ్లీ అన్యాయం చేసినట్టే.

1944లో అధికారం చేతులు మారాక కొత్త ప్రభుత్వం పెషెవ్‌ను జైలుకు పంపింది. విడుదలయ్యాక దాదాపు మరుగునపడి బతికి, 1973లో కన్నుమూశాడు.

చీకటి పడింది. మెట్ల దగ్గర ఎవరో ముసలామె పావురాలకు గింజలు చల్లుతోంది. నాకింకా అక్కడినుంచి కదలాలనిపించలేదు.