నాటినవాడు లేని మూడేళ్లు

క్రైస్తవ ప్రచారం కోసం కానుకలు పోగేసే మిషన్ ఆదివారం వస్తుందంటే ముందుగా కానుకల కవర్లు వస్తాయి. అందులో ఎంతో కొంత పెట్టి గుడిలో వేసేసి, ఆఫ్రికా బాధ్యత తీరిందనుకుని ఇంటికి వచ్చేస్తాం. పోయినసారి మా విచారణలో (గురువు చూసుకునే చర్చి పరిధిలో) ప్రసంగం సగం ఏ వీధి నుంచి ఎంత వచ్చిందనే లెక్కతోనే సరిపోయింది. మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చి బైబిల్లో పౌలుగారి మాట తీశాను, తన తర్వాత ఆ పని చూసిన అపొల్లో గురించి చెప్పింది: “నేను నాటితిని, అపొల్లో నీళ్లుపోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే.”

ఈ వచనాన్ని అందరూ వినయం గురించి చెబుతారు. నిజమే. కానీ నా మనసెప్పుడూ అందులోని క్రియల దగ్గరే ఆగుతుంది. మూల గ్రీకులో నాటడం, నీళ్లు పోయడం జరిగి ముగిసిన పనులు. పెంచడం మాత్రం సాగుతూనే ఉన్న పని. నాటినవాడు ఊరు విడిచి వెళ్లినా అది ఆగదు.

సిమియోన్ లూర్దెల్ స్వామి జీవితం చూస్తే నాకు ఇదే కనబడుతుంది. లవిజరీ పీఠాధిపతి అల్జీర్స్‌లో స్థాపించిన వైట్ ఫాదర్స్ సభ గురువు ఆయన. 1879 ఫిబ్రవరి 17న, బ్రదర్ అమాన్స్‌తో కలిసి పడవలో బుగాండా (ఇప్పటి ఉగాండాలోని రాజ్యం) ఒడ్డున దిగాడు. అప్పటికి పాతికేళ్లవాడు. ‘మోన్ పేర్’ (నా తండ్రీ) అన్న ఫ్రెంచి పిలుపు అక్కడివాళ్ల నోట ‘మపీరా’ అయింది. చివరిదాకా అదే ఆయన పేరు.

1882 నవంబరులో పరిస్థితులు వికటించి స్వాములందరూ సరస్సు దాటి వెళ్లిపోవాల్సి వచ్చింది. మళ్లీ అడుగుపెట్టింది 1885లో. ఈ మధ్యకాలమంతా గురువు చేసే పూజ లేదు, ఆయన దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు. జ్ఞానస్నానం పొంది ఏడాదైనా నిండని జోసెఫ్ ముకాసా లాంటివాళ్లే రాజుగారి కొలువులో కుర్రాళ్లను పోగేసి, తమకు వచ్చిన జపాలే నేర్పారు. స్వాములు తిరిగొచ్చేసరికి విశ్వాసం ఆరిపోలేదు, ఇంకా పెరిగింది.

ఇది చదివినప్పుడల్లా మా ఊరి ఉపదేశి (గురువు లేనప్పుడు జపాలు నడిపి, విశ్వాసం నేర్పేవాడు) తాత గుర్తొస్తాడు. స్వాములవారు నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు తాతే. హరికేన్ లాంతరు పక్కన అట్ట ఊడిన జపాల పుస్తకం పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ చదివేవాడు. గురువు పలకాల్సిన చోటు వస్తే వేలు ఆగిపోయేది. ఆ భాగం చదివేవాడు కాదు. కాసేపు అందరం ఊరికే నిలబడేవాళ్లం. ఆ మౌనంలోనే నేను ప్రార్థన నేర్చుకున్నాను.

1885 నవంబరులో ముకాసాను చంపేశారు. ఆయన చోట చార్లెస్ లువాంగా నిలబడ్డాడు. 1886 మే నెలలో, రాజు మ్వాంగా కోపం తమ మీద పడబోతోందని తెలిసిన రాత్రి, జ్ఞానస్నానం ఇంకా అందని పిల్లలకు లువాంగాయే ఇచ్చాడు. వాళ్లలో కిజీటో చిన్నవాడు, పద్నాలుగేళ్లు ఉంటాయేమో. లూర్దెల్ స్వామి అక్కడ లేడు. అపొల్లో నీళ్లు పోసెను అని చదివినప్పుడల్లా నాకు కనబడేది లువాంగా చెయ్యే. పది రోజులైనా తిరక్కుండానే, జూన్ 3న, నముగోంగోలో వాళ్లను నిప్పుల్లో కాల్చేశారు.

వాళ్లను కట్టేసి తీసుకెళ్తుంటే మపీరా చూశాడు. నోట మాట రాలేదు. బుజబలియావో అనే యువకుడు కట్లున్న చేతులే పైకెత్తి ఆకాశం చూపించాడట. ఎవరు ఎవరికి ఉపదేశి అయ్యారో చూడండి! నాలుగేళ్ల తర్వాత, 1890లో, ముప్పై ఆరేళ్ల వయసులో మపీరా ఆ నేలలోనే కన్నుమూశాడు.

కవరు వేయండి, వద్దనను. కానీ వేసిన రోజే మీ విచారణలో ఉపదేశి ఇల్లెక్కడో కనుక్కుని వెళ్లండి. కాసేపు కూర్చోండి. ఆయనకు నెలకు ఎంత ఇస్తున్నారో, ఇంట్లో ఎలా గడుస్తోందో అడగండి. జూన్ 3న పూజలో ‘చార్లెస్ లువాంగా, ఆయన సహచరులు’ అని ఒక్క ఊపిరిలో చదివేయకుండా, ముకాసా అని, కిజీటో అని, బుజబలియావో అని పేరు పేరునా పిలవండి.