అరటిపండులోని నల్ల చుక్కలు

మొన్న క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసి బీజకణాలకు దారితీసే కణవిభజన) పాఠానికి వెళ్తూ ఒక కర్పూర చక్రకేళి పండును తరగతికి తీసుకువెళ్లి, అడ్డంగా కోసి విద్యార్థుల చేతికిచ్చాను. గుజ్జు నడుమ ఆవగింజలో సగం కూడా లేని నల్ల చుక్కలు కనిపించాయి. అవి విత్తనాలు కాలేకపోయిన అండాలు.

రెండు విడతలుగా సాగే ఈ క్షయకరణ విభజనలో అసలు పని మొదటి విడత ఆరంభంలో, అంటే మొదటి ప్రథమదశలోనే జరుగుతుంది. అప్పటికే నకలు తయారై రెండేసి పోగులుగా (క్రొమాటిడ్లుగా) ఉన్న క్రోమోజోములలో, తల్లి నుంచి వచ్చినది తండ్రి నుంచి వచ్చిన తన జోడును వెతికి పట్టుకుని పొడవునా దానితో కలుస్తుంది. ఆ కలయికలో క్రొమాటిడ్లు అక్కడక్కడ తెగి, ఒకదాని ముక్క మరొకదానికి అతుకుతుంది. ఆ ప్రథమదశలోనే తర్వాత వచ్చే డిప్లోటీన్ అనే ఘట్టంలో జత విడివడుతున్నా, వినిమయం జరిగిన చోట్ల మాత్రం పట్టు వదలదు. ఆ చోట్లనే కయాస్మాలు అంటాం. కొత్త లక్షణాల కలయికకు ఇవే కారణమని పిల్లలు రాసి ఊరుకుంటారు గాని, వీటి రెండో పనిని ముందుగా చెప్పాలని నా అభిప్రాయం. కండె తంతువులు (క్రోమోజోములను కణం రెండు కొసలకు లాగే సన్నని పోగులు) జతను చెరో ధ్రువం వైపు లాగుతున్నప్పుడు, కయాస్మా పట్టి ఉంచబట్టే మధ్యలో బిగువు ఏర్పడుతుంది. ఆ బిగువు ఉంటేనే ఒకటి ఇటూ ఒకటి అటూ పోయే అమరిక నిలుస్తుంది.

అడవి అరటిలో 11 రకాల క్రోమోజోములు రెండేసి చొప్పున 22 ఉంటాయి; దాని పండు నిండా గట్టి గింజలే. చక్రకేళిలో మూడేసి చొప్పున 33 ఉంటాయి. రెండు జతకడితే మూడోది ఒంటరిగా మిగులుతుంది, లేదా మూడూ కలిసి చిక్కుపడతాయి. ఎలాగైనా ప్రతి రకంలోనూ ఒకటి అదనమే, అది ఎటు చేరాలో తేల్చేది ఏదీ లేదు. అదనపువి ఒక్కొక్కటీ ఎటువైపైనా పోవచ్చుననుకుంటే 2,048 రకాల పంపకాలు సాధ్యమవుతాయి; వాటిలో ఒక కణానికి 11, మరో కణానికి 22 సరిగ్గా దక్కేవి రెండే రెండు. మిగతా పంపకాల్లో లెక్క తప్పుతుంది కాబట్టే అండాలు దాదాపు ఎప్పుడూ విత్తనాలు కాలేవు. ఈ లెక్కను బోర్డు మీద వేయించాక, ఒక అమ్మాయి పండు ముక్కను మళ్లీ తీసుకుని ఆ చుక్కలను గోటితో గీరి చూసింది.

ఫలదీకరణ లేకుండానే కాయ ఊరే గుణం ఉండబట్టి ఆ చెట్టు గెల వేస్తుంది. పిలక పెరిగేది సమవిభజనతో (క్రోమోజోములన్నిటినీ అదే సంఖ్యలో పంచే మామూలు కణవిభజనతో) కాబట్టి, అక్కడ జోడును వెతుక్కునే అవసరమే లేక 33 క్రోమోజోములూ చెక్కుచెదరకుండా వస్తాయి. రైతు నాటేది అందుకే పిలకను. అయితే పిలకలన్నీ ఒకే జన్యువులవి కావడంతో, ఒక చెట్టును పట్టిన తెగులు తోటంతటినీ పట్టగలదు. పనామా తెగులు గత శతాబ్దంలో లాటిన్ అమెరికాలోని గ్రో మిషెల్ అనే అరటి రకం తోటలను అలాగే తుడిచిపెట్టింది. తెగులును తట్టుకునే కొత్త రకం కోసం సంకరణ చేసేవారు నేటికీ పూలకు చేతితో పుప్పొడి అద్ది, పండిన గెలలకు గెలలు నలిపి, జల్లెడ పట్టి, ఆ గుజ్జులో అరుదుగా దొరికే విత్తనం కోసం వెతుకుతున్నారు.