టాస్క్‌బార్ పక్కకి పోయి టాలీ కనపడకపోతే నేనేం చేశానంటే

నేను ఒంగోల్లో ఒక గ్రానైట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. చీమకుర్తి క్వారీలో బ్లాకులు లోడ్ అయినాక ఇక్కణ్ణించి నేను టాలీలో, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో, సేల్స్ ఎంట్రీ కొట్టి, ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం, తీసి వాట్సాప్‌లో పంపిస్తేనే బండి కదిలేది, సరుకు విలువ 50,000 దాటితే బిల్లు లేకుండా రోడ్డెక్కకూడదు కదా.

ఆ రోజు దసరా సెలవుల్లో మా సార్ వాళ్ళ బాబు క్యారియర్ తీసుకొచ్చాడు, నేను తిని చెయ్యి కడుక్కొని వచ్చేలోపు సిస్టం ముందు కూర్చొని కీబోర్డు నొక్కుతా ఉన్నాడు. చూస్తే స్క్రీన్ కింద ఐకాన్ల పట్టీలా ఉండాల్సిన టాస్క్‌బార్ కుడి పక్కకి పోయి నిలువుగా ఉంది. అదన్నా పర్లేదు, దాంట్లో టాలీ లేదు, క్రోమ్ లేదు, స్క్రీన్ మీద వాల్‌పేపర్ ఒక్కటే. టాలీలో ఎంట్రీ సగంలో ఉంది, బ్లాకు నంబరు, పొడుగు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి కాయితంలో చూసుకుంటా కొట్టింది, ఇంకా యాక్సెప్ట్ కొట్టలా, అంటే సేవ్ అవలా. "ఆంటీ నేనేం డిలీట్ చెయ్యలేదు, ఊరికే నొక్కా" అని వాడు బిక్కమొహం వేశాడు, చిన్నపిల్లోడు, ఏమంటాం.

సిస్టమ్‌లు చూసే అబ్బాయికి ఫోన్ చేస్తే రీస్టార్ట్ కొట్టండి మేడం, అప్పటికీ రాకపోతే సాయంత్రం వచ్చి ఫార్మాట్ చేస్తా అన్నాడు. నేను ఒప్పుకోలా. రీస్టార్ట్ కొడితే ముందు నా సగం ఎంట్రీ పోద్ది, పైగా టాస్క్‌బార్ ఏ పక్కన ఉందో విండోస్ గుర్తుపెట్టుకుంటది, మళ్ళా ఆన్ చేసినా కుడి పక్కనే వచ్చి కూర్చుంటది, ఇంక రీస్టార్ట్‌తో ఒరిగేదేంది? ఒక సెట్టింగ్ మారినదానికి ఫార్మాట్ దాకా పోవడం నాకు అస్సలు నచ్చదు, ఎంతమంది ఫోటోలూ ఫైళ్ళూ అట్టాగే పోగొట్టుకున్నారో.

ఈలోపు డ్రైవర్ ఫోను, "అక్కా బిల్లు ఇంకా ఎంతసేపు, కృష్ణపట్నం పోవాల" అని.

తెరిచినవన్నీ వరసగా చూపించే ఆల్ట్, ట్యాబ్ కీలు కలిపి కొట్టా, ఏమీ రాలా. అక్కడ గుండె జారింది నాకు, ఎందుకంటే ఏదన్నా ఓపెన్‌లో ఉంటే ఆల్ట్ ట్యాబ్‌లో కనపడాలి అని నా లెక్క. ఆపైన కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కలిపి నొక్కి, ఏమేం రన్ అవుతా ఉన్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తీశా. యాప్స్ కింద టాలీ ఉంది, క్రోమ్ కూడా ఉంది! ప్రాణం లేచొచ్చింది. రన్ అవుతా ఉండి కంటికి కనపడట్లేదంటే మూతపడలేదు, ఇంకెక్కడో ఉంది అనే కదా అర్థం.

విండోస్ కీ, ట్యాబ్ కలిపి నొక్కితే దొరికింది. పైన డెస్క్‌టాప్ 1, డెస్క్‌టాప్ 2 అని రెండు బొమ్మలు, నేనున్నది రెండో దాంట్లో, నా టాలీ, ఈ-వే బిల్లు పేజీ మొదటి దాంట్లో భద్రంగా ఉన్నాయి. విండోస్ కీ, కంట్రోల్, డి మూడూ కలిపి పడితే కొత్త డెస్క్‌టాప్ ఒకటి తెరుచుకుంటది, ఒకే ఇంట్లో ఇంకో గది లాగా, ఆ గదిలో ఉన్నంతసేపు మొదటి గదిలో సామాను టాస్క్‌బార్‌లోనూ కనపడదు, ఆల్ట్ ట్యాబ్‌లోనూ రాదు. మొదటి దాని మీద నొక్కి పోయి ముందు ఎంట్రీ పూర్తి చేసి యాక్సెప్ట్ కొట్టా, బిల్లు తీసి పంపించా, అప్పుడుగానీ ఊపిరి ఆడలా. రెండో దాన్ని తర్వాత మూసేశా, దాంట్లో ఏదన్నా ఓపెన్ చేసి ఉన్నా పోదు, పక్క డెస్క్‌టాప్‌కి వచ్చేస్తది, భయం లేదు. మళ్ళా ఇట్టా కాకుండా సెట్టింగ్స్‌లో సిస్టం, మల్టీటాస్కింగ్‌లోకి పోయి టాస్క్‌బార్‌కీ ఆల్ట్ ట్యాబ్‌కీ రెండిటికీ ఆల్ డెస్క్‌టాప్స్ అని పెట్టేశా, ఇప్పుడు ఏ డెస్క్‌టాప్‌లో ఉన్నా అన్నీ కనపడతాయి.

టాస్క్‌బార్ పక్కకి పోవడం చిన్న సంగతే. విండోస్ 10లో దానికి లాక్ తీసి ఉంటే మౌస్‌తో పట్టుకుని ఏ అంచుకి లాగితే ఆ అంచుకి పోతది. ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో లొకేషన్ దగ్గర బాటమ్ పెట్టి, లాక్ ద టాస్క్‌బార్ ఆన్ చేశా, అంతే.

అది అసలు క్లిక్‌కే పలక్కుండా బిగుసుకుపోతే మాత్రం ఇంకో దారి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ అని ఉంటది, దాని మీద రైట్ క్లిక్ కొట్టి రీస్టార్ట్ అంటే టాస్క్‌బార్, డెస్క్‌టాప్ మీది ఐకాన్లు మాత్రం పోయి మళ్ళా వస్తాయి, టాలీ, క్రోమ్ కదలవు. తెరిచిన ఫోల్డర్లు మూసుకుంటాయి, అంతవరకే. మొత్తం సిస్టం ఆపే ముందు ఇది చెయ్యండి దయచేసి.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కాబట్టి మా సార్ కొత్త సిస్టం కొన్నారు, విండోస్ 11ది. దాంట్లో ఐకాన్లన్నీ మధ్యలో ఉన్నాయి, పేర్లు కూడా లేవు, ఒకే రకం ఐకాన్ కింద నాలుగు ఫైళ్ళు ఉంటే ఏది ఏదో తెలిసేది కాదు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, కింద టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్ పెడితే ఐకాన్లు ఎడమకి వచ్చాయి, కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ దగ్గర నెవర్ పెడితే పేర్లు వచ్చాయి. ఈ నెవర్ అనేది విండోస్ 11లో మొదట్లో లేదు, 2023లో ఇచ్చారు, కాబట్టి అప్‌డేట్ చెయ్యని సిస్టంలో వెతికినా దొరకదు. అక్కడే ఆటోమేటిక్‌గా హైడ్ అయ్యే టిక్ కూడా ఉంటది, బార్ మొత్తం మాయమైతే విండోస్ కీ ఒకసారి నొక్కండి, పైకి లేచిందంటే ఆ టిక్ పడిందన్నమాట, తీసేస్తే చాలు.