ఏడు ఫారాల మేగజైన్

మన కాలేజీ 1999-2000 మేగజైన్ కాపీ ఒకటి ఇంకా నా దగ్గరుంది. 112 పేజీలు, అంటే ఏడు ఫారాలు. ఆ ఏడాది నన్ను స్టూడెంట్ ఎడిటర్‌గా ఎంచుకున్న రోజున ఫారం అంటే ఏమిటో నాకు తెలియదు. వ్యాసరచన పోటీల్లో బహుమతులు వచ్చాయి, తెలుగు సార్‌కు నా మీద నమ్మకం. ఆ నమ్మకంతోనే తొమ్మిదిమంది సంపాదకవర్గం బాధ్యత నెత్తినేసుకున్నాను.

‘రచనలు నవంబరు 30లోగా ఇవ్వగలరు’ అని నోటీసు పెట్టి, లైబ్రరీ ముందు అట్టపెట్టె ఒకటి కట్టాం. నవంబరు 30 సాయంత్రం తాడు విప్పి చూస్తే ఆరు కాగితాలున్నాయి. వార్షికోత్సవం ఫిబ్రవరి 26, శనివారం. ఆ రోజు వేదిక మీద మేగజైన్ ఆవిష్కరణ అని ప్రిన్సిపాల్ మేడమ్ అప్పటికే అందరికీ చెప్పేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు సార్ నన్ను చిక్కడపల్లిలో ప్రెస్సుకు పంపారు. ప్రెస్సు ఆయన నా గోడు అంతా విని, ఏమీ అనకుండా 20×30 అంగుళాల కాగితం ఒకటి బల్ల మీద పరిచాడు. సగానికి మడిచాడు. మళ్ళీ సగానికి. ఇంకోసారి. చేతిలో చిన్న పుస్తకంలా తయారైంది. అంచులు కోయకుండానే మూలమూలకీ పెన్సిల్‌తో 1 నుంచి 16 దాకా అంకెలు వేసి, “ఇప్పుడు విప్పమ్మా” అన్నాడు. విప్పితే ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంది. ఒకవైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16. రెండోవైపు మిగతావి. కొన్ని అంకెలు తలకిందులుగా ఉన్నాయి.

“ఇదమ్మా ఫారం. పదిహేను పేజీలిచ్చి పదహారోది రేపిస్తానంటే నా మిషను కదలదు. మీకు ఒక్క తేదీ పనికిరాదు. ఫారానికో తేదీ పెట్టుకోండి. ఏది ముందొస్తే అది వేసేస్తా, వరసతో నాకు పనిలేదు” అన్నాడు.

ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఇంగ్లీషుకు మూడు ఫారాలు, తెలుగుకు రెండు, హిందీకి ఒకటి, ఉర్దూకు ఒకటి. స్టాఫ్‌రూమ్ బీరువా తలుపుకు అతికించిన చార్టు మీద ఏడు గళ్ళు గీసి, గడిలో తేదీ, తేదీ కింద బాధ్యత తీసుకున్నవారి పేరు రాశాం. ‘అందరూ’ అనే మాట ఆ చార్టులో ఎక్కడా రాయొద్దన్నాను. అందరిదీ అయిన పని ఎవరూ చెయ్యరని ఆ అట్టపెట్టె నాకు చెప్పింది.

ఇక రచనలు. అప్పట్లో చాలా ఇళ్ళలో ఫోను లేదు. రూపాయి వేసి మాట్లాడే డబ్బాలోంచి పక్కింటివాళ్ళకు చేసి, పిలిపించుకుని గుర్తు చెయ్యాలి. దానికంటే ఇంటికి వెళ్ళడమే మేలనిపించింది. ఇద్దరిద్దరుగా జట్లు కట్టి వెళ్ళాం. నల్లకుంట, విద్యానగర్, బర్కత్‌పురా, మలక్‌పేట. ఇంటికొచ్చి అడిగితే ఇవ్వనివాళ్ళు దాదాపు లేరు. చాలామంది ఇవ్వకపోవడానికి కారణం బద్ధకం కాదని అప్పుడే తెలిసింది. రాసి పెట్టుకున్నారు, బాగుందో లేదోనని దాచుకున్నారు. కూర్చుని చదివించుకుని, “ఈ చివరి పేరా ఒక్కటి సరిచేసి రేపు తీసుకురా” అంటే తెచ్చేశారు.

అయినా డిసెంబరు మొదటివారం మీటింగులో గుండె జారింది. ఇంగ్లీషులో రెండు ఫారాలకు సరిపడా లేదు, హిందీ సగమే. అప్పుడొకరు, “టైము లేదు కదా, ఈసారి ఉర్దూ వదిలేద్దాం. ఒక ఫారం తగ్గుతుంది” అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. మన ఉర్దూ పేజీలు అప్పటికింకా కాతిబ్, అంటే అచ్చుకోసం అందంగా రాసిచ్చే లేఖకుడి, చేతిరాతే. కంప్యూటరు మీద ఉర్దూ కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చి కొన్నేళ్ళయినా, ఉర్దూ మేడమ్ చేతిరాతను వదల్లేదు. పైగా రంజాన్ నెల మొదలవబోతోంది. ఆలస్యం ఖాయమని అందరం అనుకున్నాం. ఉర్దూ విభాగం చూస్తున్న సెకండియర్ అమ్మాయి ఒక్క మాటా మాట్లాడలేదు. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. పదహారు పేజీల మేటర్ అప్పటికే సిద్ధం చేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది మా తొమ్మిదిమందిలో ఆమె ఒక్కతే.

“కాతిబ్ సాబ్‌ను అడగందే ఏదీ తేల్చొద్దు” అన్నాను. మర్నాడు ఇద్దరం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ దాటి ఛత్తా బజార్‌కు నడిచాం. ఆ వీధి పొడుగునా పెళ్ళికార్డుల దుకాణాలు, ప్రెస్సులు, సిరా వాసన. కాతిబ్ సాబ్ నేల మీద కూర్చుని, ఎత్తిన మోకాలికి పలక ఆనించుకుని రాస్తున్నారు. కలాన్ని సిరాలో ముంచి, బుడ్డీ అంచుకు ఒకసారి తాకించి, ఊపిరి బిగబట్టి గీత లాగేవారు. గీత పూర్తయ్యాకే ఊపిరి వదిలేవారు. మేం గుమ్మంలో నిలబడి ఆ వాక్యం అయ్యేదాకా ఆగాం.

సంగతి చెప్తే ఆయన నవ్వారు. “ఈద్ కే బాద్ నక్కో బేటీ. అభీ దేవో” అన్నారు. పండగ తర్వాత వద్దు, ఇప్పుడే ఇవ్వమని. రంజాన్ నెలలో పెళ్ళిళ్ళుండవు. పండగ అయిపోగానే వరసపెట్టి పెళ్ళిళ్ళు. నెలాఖరుకల్లా కార్డుల పని మీద పడుతుంది, అప్పుడు ఊపిరాడదు. ఇప్పుడిస్తే సహరీ (ఉపవాసం ముందు తినే భోజనం) తర్వాత, తెల్లవారుజామున చెయ్యి స్థిమితంగా ఉన్నప్పుడు రోజుకు ఒకటి రెండు పేజీలు రాసి పెడతానన్నారు. మేం అన్నిటికంటే ఆఖరనుకున్న ఫారం అన్నిటికంటే ముందు వచ్చే దారి దొరికింది. వెనక్కి వస్తూ నయాపూల్ మీద ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “థ్యాంక్స్ అక్కా” అని కూడా అనలేదు. అవసరం లేదు.

క్రిస్మస్ ముందు రోజుకు పదహారు పేజీలూ వచ్చేశాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు కదా, మేగజైన్ వెనకవైపు నుంచి మొదలవుతుంది. ప్రెస్సు ఆయన ఆ ఫారం మీద ఎర్రసిరాతో ‘ఉల్టా’ అని పెద్దగా రాసి, మిషన్‌మ్యాన్‌ను పిలిచి రెండుసార్లు చెప్పాడు. చార్టు మీద మొదటి టిక్కు ఉర్దూ గడిలో పడింది. అది చూశాక మిగతావాళ్ళ నడకే మారింది. నేను మళ్ళీ ఎవరినీ తొందరపెట్టాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

తెలుగుది వేరే బాధ. డీటీపీలో, అంటే కంప్యూటరు మీద పేజీలు కూర్చే చోట, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లు. కాస్త అటూ ఇటూ అయితే అక్షరం ఒకచోట, ఒత్తు ఇంకోచోట. మూడు ప్రూఫులు చూశాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద ఇద్దరిద్దరు కూర్చుని, ఒకరు రాతప్రతి కామాలతో సహా పైకి చదివితే రెండోవారు ప్రూఫులో వేలు పెట్టుకుని వెళ్ళడం. ఒంటరిగా చదివితే కన్ను తప్పుల్ని తనే దిద్దుకుని ముందుకు పోతుంది. సంక్రాంతికి హాస్టల్ పిల్లలంతా ఊళ్ళకు బయల్దేరారు. రెండో తెలుగు ఫారం గడువు పండగ ముందు రోజే. దాని బాధ్యత తీసుకున్న భీమవరం అమ్మాయి ఇమ్లీబన్ బస్టాండు బెంచీ మీద, సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని ఆఖరి నాలుగు పేజీలు దిద్దింది. డ్రైవరు హారన్ కొడుతున్నా చివరి పేజీ కింద సంతకం పెట్టి, నా చేతికిచ్చి బస్సెక్కింది.

ప్రకటనల డబ్బు ఎలాగో సమకూరింది, దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రాయాల్సింది ఫిబ్రవరి 21 సాయంత్రం గురించి.

ఫొటోలున్న ఫారానికి ప్లేట్లు (అచ్చువేసే రేకులు) తయారయ్యాయి, మర్నాడు పొద్దున్నే మిషనెక్కాలి. ప్రెస్సులో చివరిసారి చూస్తూ స్టాఫ్ గ్రూప్ ఫొటో కింద పేర్లు చదివాను. ‘నిలబడినవారు, ఎడమ నుంచి కుడికి’ అని ఉంది. పెన్సిల్ మొనతో తలలు లెక్కపెడితే పద్నాలుగు. పేర్లు పదమూడే. చివరన నిలబడిన మన లైబ్రరీ అటెండరు పేరు లేదు. నవంబరులో ఆ అట్టపెట్టెకు తాడు కట్టి ఇచ్చింది ఆయనే. పేర్ల జాబితా రాసింది నేను.

“ఎవరు చూస్తారమ్మా, ఇప్పుడు మారిస్తే ప్లేటు పోతుంది, రోజు పోతుంది” అన్నాడు మిషన్‌మ్యాన్. ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మేగజైన్ ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలకు చూపిస్తాడు ఆ అటెండరు. నేను అలా వదిలెయ్యలేనన్నాను. డీటీపీ షట్టరు దించేశారు. యజమాని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి బతిమాలితే, అన్నం ముందునుంచి లేచి వచ్చి తెరిచాడు. పేర్ల వరస మళ్ళీ కొట్టించి, ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి, ఆ సన్నటి ముక్క కత్తిరించి పాత వరస మీద అతికించేసరికి పదకొండు దాటింది. కొత్త ప్లేటు ఖర్చు తొమ్మిదిమందిమీ వేసుకున్నాం. పోయిన రోజును బైండింగులో రాబట్టుకున్నాం. ప్రెస్సు కుర్రాళ్ళతో పాటు మేమూ నేల మీద కూర్చుని ఏడు ఫారాలూ వరసగా పేర్చాం. ఉర్దూ ఫారం పేర్చే పని ఆ సెకండియర్ అమ్మాయి ఇంకెవరికీ ఇవ్వలేదు.

26 పొద్దున్న ఆటోలో కట్టలు వచ్చాయి. మధ్యాహ్నం ఆవిష్కరణ. అటెండరు గారు ఆ ఫొటో పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. ఏమీ అనలేదు, మాకందరికీ టీ తెప్పించారు.

సోమవారం ఇద్దరం మళ్ళీ ఛత్తా బజార్‌కు వెళ్ళాం. కాతిబ్ సాబ్ చుట్టూ పెళ్ళికార్డుల కాగితాలు ఆరుతున్నాయి. చేతులు గుడ్డకు తుడుచుకుని, మేగజైన్ అందుకుని, మేం చెప్పకుండానే వెనక్కి తిప్పి తెరిచారు. ఆరో పేజీలో ఒక మాట తప్పుపోతే, బ్లేడుతో గీకి మళ్ళీ రాశారట. ఆ చోట వేలితో తడిమి చూశారు. కళ్ళద్దాలు పైకి జరిపి ఇంకోసారి చూశారు. “దిఖ్‌తా నై”, కనబడటం లేదు, అన్నారు, ఎంతో తృప్తిగా.