సెట్టు మార్చే ముందు కేబులు కోసి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మర పడవలకు చేపల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో నెల్లూరు తీరంలో జువ్వలదిన్నెలో అయినా, కృష్ణపట్నంలో అయినా అందరి చూపూ ఇంజను మీదా, వలల మీదా. వైర్‌లెస్ సెట్టు వంతు చివర్లో వస్తుంది. "మనకి వినపడతా ఉంది, మన మాట అవతలకి పోవడంలా" అంటే వెంటనే కొత్త సెట్టు కొంటారు. నిజానికి ఈ జబ్బు ఎక్కువగా ఉండేది యాంటెన్నా కనెక్టరులోనో, కరెంటు వైరులోనో.

ముందు మల్టీమీటరు తీయండి. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు (పడవల్లో వాడే వైర్‌లెస్) మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది, వినేటప్పుడు అంతకంటే చాలా తక్కువ. అందుకే సన్నవైరు వేసిన పడవలో వినికిడి బాగుండి మాట చచ్చిపోతుంది. మాట్లాడే బటన్ నొక్కి పట్టుకుని సెట్టు వెనకాలే వోల్టేజీ చూడాలి, బ్యాటరీ దగ్గర కాదు. బ్యాటరీ నిండుగా ఉండి కూడా 11.7 వోల్టుల కంటే దిగితే తప్పు వైరుదో, ఫ్యూజు హోల్డరుదో. ఈ పరీక్ష 16వ ఛానల్లో చేయకండి, అది ఆపదలో పిలిచేది. యాంటెన్నా ఊడదీసి అసలే నొక్కకండి, లోపల పవర్ ట్రాన్సిస్టరు పోవచ్చు. 24 వోల్టుల పడవల్లో రెండు బ్యాటరీల్లో ఒక్కదాన్నుంచి 12 లాగడం చూస్తుంటాం. కొన్నాళ్లకు 12 లాగిన బ్యాటరీకి ఛార్జ్ చాలదు, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతుంది. 24ను 12 చేసే కన్వర్టరు పెట్టాల్సిందే.

ఇక సెట్టు నుంచి యాంటెన్నాకు పోయే కేబులు. రెండు చివర్లూ విప్పి నడిమి తీగకూ, దాని చుట్టూ అల్లిన రాగి జాలీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు దాటడం) చూడండి, ఉండకూడదు. యాంటెన్నా తగిలించి చూస్తే మోసపోతారు, కొన్ని యాంటెన్నాలు పుట్టుకతోనే షార్టు చూపిస్తాయి. తర్వాత పైచివర ఒక జానెడు కోయండి. జాలీ ఎర్రగా (తగరం పూతదైతే తెల్లగా) మెరిస్తే సరే. నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా ఇంకో జానెడు కోయండి. ఉప్పునీరు జాలీలో దీపం వత్తిలో నూనెలా పాకుతుంది. మూడుసార్లు కోసినా నలుపు పోకపోతే కేబులే మార్చాలి.

మార్చేటప్పుడు సన్నపాటి ఆర్‌జీ-58 రకం కేబులు వద్దు. 15 మీటర్లకే సగం పవరు దార్లో పోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే 25లో 18 వాట్ల దాకా పైకి చేరుతుంది. కేబులు చివర బిగించే పీఎల్-259 కనెక్టరుకు పైతొడుగు 28 మిల్లీమీటర్లు తీసి, కొసన 16 మిల్లీమీటర్లు నడిమి తీగ బయటపెట్టాలి. కనెక్టరు మర రింగును ముందే కేబులుకు ఎక్కించుకోండి. అతికించాక గుర్తొస్తే మళ్లీ కోతే, ఇది అందరూ ఒకసారైనా చేసే పని. 25 వాట్ల టంకం కడ్డీతో జాలీకి టంకం పట్టదు, పైన ముద్దలా కూర్చుంటుంది. 80, 100 వాట్లది కావాలి, అదీ త్వరగా ఎత్తేయాలి. ఎక్కువసేపు ఉంచితే లోపలి ప్లాస్టిక్ కరిగి తీగ పక్కకు జారి షార్టవుతుంది.

యుద్ధనౌకల్లో శత్రు రాడారును పసిగట్టే యాంటెన్నాలకూ తేమే శత్రువు. తరంగాలను మోసే వేవ్‌గైడ్ లోహపు గొట్టాలు ఉన్నచోట లోపలికి ఆరిన గాలిని ఒత్తిడితో పంపి దాన్ని బయటే ఆపుతారు. మన పడవకు టేపే దిక్కు. మామూలు పీవీసీ టేపు ఒక్కటే చుడితే నీళ్లను బయట ఆపడానికి బదులు లోపల దాస్తుంది. తనలో తాను అతుక్కునే రబ్బరు టేపును రెట్టింపు పొడవయ్యేలా సాగదీసి, చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా, కిందనుంచి పైకి చుట్టండి, పెంకులు పరిచినట్టు. దానిమీద ఎండ తగలకుండా పీవీసీ టేపు. వెనిగరు వాసనొచ్చే సిలికాన్ పూయకండి, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబులు క్యాబిన్‌లోకి దూరే ముందు ఒక వంపు కిందికి వదిలితే నీరు అక్కడే కారిపోతుంది.

పడవలో ఒక డబ్బా పెట్టుకోండి: రెండు కనెక్టర్లు, ఒక రబ్బరు టేపు చుట్ట, సెట్టు పుస్తకంలో రాసిన ఆంపియర్ల ఫ్యూజులు అయిదు. నడిసముద్రంలో ఫ్యూజుకు సిగరెట్ రేకు చుట్టేది ఇవి లేకనే.