ఆధార్‌లో లేని తొమ్మిదేళ్ళు

అమ్మ దినాలయ్యాక మరణ ధ్రువీకరణ పత్రం కోసం వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు తలెత్తకుండానే "వయసెంతండీ" అన్నాడు. ఆధార్ ఇచ్చాను. పుట్టిన తేదీ 01-01-1945. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది జనవరి ఒకటినే పుట్టారు లెండి. అమ్మ, పక్కింటి ముసలామె, మా చిన్న మావ, అందరూ. కార్డు తీసినవాళ్ళు మొహం చూసి ఒక ఏడాది వేసుకుని పోయారు. ఆ లెక్కన అమ్మ బతికింది 79 ఏళ్ళు. కుర్రాడు టకటకా కొట్టేశాడు, నేను సంతకం పెట్టేశాను.

అమ్మ లెక్క వేరే ఉండేది. "రైలు గుహలు తవ్వీసరికే నాకు ముగ్గురు పిల్లలురా" అనేది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను పడింది 1960లలో, బైలదిల్లా కొండల్లోని ఇనప రాయిని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. మా ఊరు అనంతగిరికీ అరకుకీ మధ్యన, శిమిలిగుడకి పైనున్న కొండ మీద. ఆ స్టేషనే సముద్రానికి 996 మీటర్ల ఎత్తు, మా ఇల్లు ఇంకా పైన. మావ వేళ్ళు మడిచి లెక్కేస్తే అమ్మకి 88 తేలాయి. కాగితం మీద తొమ్మిదేళ్ళు ఎగిరిపోయాయన్నమాట.

ఆ లైను పనిలో అమ్మ మట్టి మోసింది. ఔట్లు పేల్చే ముందు ఈల వేసేవారట, కూలోళ్ళంతా గంపలు అక్కడే పడేసి బండరాళ్ళ చాటుకి పరిగెత్తేవారట. అమ్మ చంకలో మా పెద్దక్క. ఉన్నవి రెండు చేతులు, మూయాల్సినవి నాలుగు చెవులు. "పిల్ల చెవులే మూసీదాన్ని, నా చెవి అప్పుడే పోయింది" అని అదేదో తమాషా కబురైనట్టు చెప్పేది. ఎడమ చెవి నిజంగానే వినపడేది కాదు, మేం చిన్నప్పుడు చీవాట్లు తినాల్సొచ్చినప్పుడల్లా ఆ పక్కకే వెళ్ళి నిలబడేవాళ్ళం.

నేను ఆఖరివాణ్ణి. అయిదో తరగతికి నన్ను హాస్టల్లో వేశారు. మొదటి నెలలోనే పారిపోయి, చీకటి పడ్డాక రెండు గెడ్డలు, అంటే కొండ వాగులు, దాటి ఇంటికొచ్చేశాను. అమ్మ కొట్టలేదు, ఎందుకొచ్చావని కూడా అడగలేదు. చోడి అంబలి పోసి, నెగడు పక్కన పడుకోబెట్టి, తెల్లారకుండానే లేపి మళ్ళీ దింపడానికి బయల్దేరింది. అంతదూరం నడిచి, గేటు దగ్గర ఆనపబుర్రలో మిగిలిన అంబలి నా చేత తాగించి, బుర్ర భుజానికి తగిలించుకుని వెనక్కి తిరిగింది. అప్పట్నుంచి నెలకోసారి అదే నడక, అదే బుర్ర. వర్షాకాలంలో గెడ్డ పొంగితే అవతల ఒడ్డున కూర్చుని నీళ్ళు దిగేదాకా చూసేదట. ఈ సంగతి నాకు ఉద్యోగం వచ్చాక మావ చెబితే తెలిసింది, అమ్మ నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

అలాగని త్యాగమూర్తి, దేవత అని రాయబుద్ధి కావట్లేదు. చెప్పులేసుకున్న కోడళ్ళని చూస్తే ఒంటికాలి మీద లేచేది. మా పెద్దన్నంటే పక్షపాతం, కోడి కోస్తే కార్జం వాడికే. అడ్డపొగ కాల్చేది, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని, అలాగే మాట్లాడుతూ, అలాగే అడ్డాకులు కుట్టేస్తూ. డాక్టరు మానేయమంటే "ఈ బాబుకి చలేటో తెలీదు" అంది.

గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్ళు కాఫీ మొక్కలిచ్చినప్పుడు పోడు వదిలేయడం నాన్నకి ఇష్టం లేదు. మూడు నాలుగేళ్ళు కాపు రాని మొక్కని నమ్ముకుని ఏం తింటాం అన్నది ఆయన బాధ, అందులో తప్పేం లేదు. పంతం పట్టి నాటింది అమ్మే. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. నవంబరొస్తే పండిన ఎర్ర కాయ ఒక్కటే కోయించేది, పచ్చికాయ గంపలో కనబడితే కూలి పిల్లలకైనా కోడలికైనా ఒకటే తిట్టు. ఇంత చేసీ కాఫీ మాత్రం జన్మలో తాగలేదు, చేదట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. వైజాగ్ గురించి టీవీల్లో అందరూ చూశారు, పైన మా కొండల మీద ఆ ఓక్ చెట్లు కాఫీ మీద అడ్డంగా పడిపోయిన సంగతి ఎంతమందికి గుర్తుందో. అమ్మ మూడు రోజులు తోటలోనే తిరిగి, పడ్డ చెట్టు పడ్డట్టు లెక్కపెట్టిందట. అప్పటికి నాన్న లేడు. ఇంక చాల్లే అని నేనే వైజాగ్ తీసుకొచ్చేశాను.

ఇక్కడే నేను పొరబడ్డాను. ఫ్లాటు, గీజరు, టీవీ ఉంటే సుఖమే అనుకున్నాను. అమ్మ హాల్లో గోడ పట్టుకుని నడిచేది. మోకాళ్ళ నొప్పేమో అని డాక్టరుకి చూపిస్తే ఏం లేదన్నాడు. అడగ్గా అడగ్గా చెప్పింది, "సాపు నేల మీద అడుగెక్కడెయ్యాలో తెలీటం లేదురా." లిఫ్టు ఎక్కేది కాదు, మూడంతస్తులూ మెట్లెక్కి పైకి పోయి మేడ మీద నుంచి సింహాచలం వైపు చూస్తూ కూర్చునేది. అదిగో కొండ అని మా ఆవిడ చూపిస్తే కాసేపు పరకాయించి, "అది కొండేటమ్మా, గుట్ట" అంది. సంక్రాంతి వెళ్ళగానే "నానెల్లిపోతాను, నువ్వు రాపోతే నానే పోతాను" అని మూట కట్టేసుకుంది.

తర్వాత తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది, ఓక్ మొక్కలు మళ్ళీ నాటించింది, వాటికి కొత్తగా మిరియం ఎక్కించింది, మొన్న చలికాలం ఒక రాత్రి నిద్రలోనే పోయింది.

ఆ సంక్రాంతి తర్వాత కిరండూల్ పాసింజర్‌లో తీసుకెళ్ళాను. అంత మట్టి మోసిన మనిషి ఆ రైలెక్కడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చోబెట్టాను, ఒళ్ళో మా చిన్నది, అప్పటికి దానికి నాలుగేళ్ళు. ఆ లైన్లో 58 గుహలు. టూరిస్టు పిల్లలు గుహ రాగానే ఓ అని అరుస్తారు కదా, మొదటి గుహలో మాదీ నోరు తెరిచింది కానీ చప్పుడు రాలేదు. వెలుతురొచ్చాక చూద్దును కదా, అమ్మ రెండు అరచేతులూ దాని చెవుల మీద గట్టిగా నొక్కి ఉన్నాయి. అది విదిలించుకుంటూ "వదులు నాన్నమ్మా" అంటోంది. అమ్మకి వినపడలేదు.