గాలం సామాను సర్దిన ఏడు వారాలు

మొదటి ఆదివారం

ఈ పని మొదలవడానికి కారణం నా బొటనవేలు. పోయిన వారం చీకటి పడే వేళకు చేపలు బాగా తగులుతున్నాయి. అంతలో దారం తెగింది. నాలుగో నంబరు గాలం కోసం పెట్టెలో చెయ్యి పెడితే మూడు కొక్కేల గాలం ఒకటి వేలికి గుచ్చుకుంది. మొన వెనక ఎదురుగా తిరిగి ఉండే ముల్లు దాకా దిగలేదు కాబట్టి బతికిపోయాను. రక్తం తుడుచుకుని, ఒకదానికొకటి పెనవేసుకున్న రెండు ఎరలను విడదీసి, కావలసిన గాలం వెతికి కట్టుకుని మళ్లీ నీళ్లలో వేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి చేపలు తమ దారిన తాము పోయాయి.

ఇవాళ ఉన్నదంతా బోర్లించాను. మూడు అరల పెట్టె, భుజాన వేసుకునే సంచి, వానకోటు జేబులు, ఎప్పుడో గాలాలు దాచిన రెండు మందుల డబ్బాలు. ఈ పని మాత్రం ఎవరూ దుప్పటి మీద చేయకండి. నేను చేశాను. దుప్పటి నుంచి గాలాలు ఊడదీయడానికే మొదటి గంట సరిపోయింది. ఆ తరువాత పెద్ద స్టీలు పళ్లెం తెచ్చుకున్నాను.

చెక్కవి, ప్లాస్టిక్‌వి, లోహంవి కలిపి ఎరలు 64. నీటి మీద తేలే బెండ్లు 27, వాటిలో ఐదు పగిలినవి. గాలాలు మూడు వందలు దాటాక లెక్క మానేశాను. ఒకే సైజు, ఒకే వెండి రంగు స్పూన్ ఎరలు, అంటే చెంచా ఆకారపు లోహపు ఎరలు, నాలుగు ఉన్నాయి. ఉన్నది కనిపించక ఇంకొకటి కొనడం, అదీ కనిపించక మరొకటి కొనడం. చిందరవందర వల్లే సామాను ఇంత పెరిగిందని ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టాకే తెలిసింది. ఆ 64 ఎరల్లో గడిచిన ఏడాదిలో నీళ్లు తాకినవి ఎన్ని అని నిజాయితీగా చూసుకుంటే 11 తేలాయి.

మూడు కుప్పలు పోశాను: వాడేవి, బాగున్నా వాడనివి, పాడైనవి. సాయంత్రానికి ఎవరూ పిలవకుండానే నాలుగో కుప్ప కూడా తయారైంది. దాని పేరు ‘ఎప్పుడైనా పనికొస్తుంది’. అన్నింటికన్నా పెద్దది అదే.

బుధవారం, తుప్పు

పాడైన కుప్పలో ఎక్కువ భాగం తుప్పు పట్టినవే. గాలాలు సాధారణంగా కార్బన్ ఎక్కువగా ఉన్న ఉక్కుతో చేస్తారు. మొనకు పదును, ఒంటికి బలం వచ్చేది ఆ ఉక్కు వల్లే. తుప్పు పట్టకుండా పైన తగరం, నికెల్ లాంటి పలుచని పూత ఉంటుంది. రాయికి రాసుకుని ఆ పూత లేచిందంటే లోపలి ఉక్కు తడికి చిక్కినట్టే. ఒక తడి ఎరను మూత పెట్టిన పెట్టెలో పడేస్తే పక్కనున్న పొడి గాలాలకూ ఆ చెమ్మ అందుతుంది. నా పెట్టెలో ఒక గడి మొత్తం ఇటుక రంగుకు తిరిగింది.

ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష పాతదే. గాలం మొనను గోటి మీద మెల్లగా లాగాలి. గీరుకుని ఆగితే పదునుంది, జారిపోతే లేదు. పైపైన ఎర్రబారినవి గుడ్డకు కాస్త నూనె రాసి తుడిస్తే పోతాయి. వంపు దగ్గర గానీ, దారం కట్టే కంటి దగ్గర గానీ గుంటలు పడితే మాత్రం తీసేయాల్సిందే. చేప బరువు పడేది అక్కడే.

కొన్నింటిని వెనిగర్‌లో మూడు గంటలు నానబెట్టి చూశాను. తుప్పు పోయింది, దానితోపాటు మిగిలిన పూత కూడా పోయింది. వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి ఆరబెట్టినా మర్నాటికి మళ్లీ ఎరుపు తిరిగాయి. చిన్న గాలాలకు ఈ శ్రమ దండగ. ఎరలకు ఉన్న మూడు కొక్కేల గాలాలను మాత్రం మార్చాను. వాటిని పట్టి ఉంచే చిన్న ఉక్కు రింగులను తెరవడానికి కొసలో పన్ను ఉన్న పట్టకారు దొరుకుతుంది. అది లేకుండా గోళ్లతో ప్రయత్నిస్తే గోరే విరుగుతుంది.

తీసేసిన గాలాలన్నీ గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలోకి వెళ్లాయి. వాటిని విడిగా చెత్తలో వేస్తే రేపు ఇంకెవరి చేతికో గుచ్చుకుంటాయి.

రెండో వారం, కరిగిన పురుగులు

మెత్తని ప్లాస్టిక్ పురుగులున్న అర తెరిచాను. మూడు పురుగులు కలిసి ముద్దయిపోయి, అర అడుగును కూడా మెత్తబరిచి అంటుకుపోయాయి. మొదట ఎండ వల్ల అనుకున్నాను. కారణం వేరే. ఇలాంటి ఎరలు ఎక్కువగా పీవీసీతో చేస్తారు. అది మెత్తగా ఉండడానికి అందులో ఒక నూనెలాంటి రసాయనం కలుపుతారు. ఆ నూనె మెల్లగా బయటికి ఊరి పాలీస్టైరీన్ లాంటి గట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పాలీప్రొపిలీన్‌ను ఏమీ చేయలేదు. డబ్బా అడుగున త్రికోణంలో 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, 6 అని ఉంటే పాలీస్టైరీన్. నా పాత పెట్టె కింద చూస్తే 6 ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ దాన్ని తిరగేసి చూడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రబ్బరులా బాగా సాగే కొత్త రకం ఎరలు కొన్ని పీవీసీవి కావు, ఎలాస్టోమర్ అనే వేరే సాగే పదార్థంతో చేసినవి. వాటిని మామూలు పురుగుల పక్కన పెడితే రెండూ కలిసి జిగురవుతాయి. రంగుల గోల సరేసరి. నల్ల పురుగు పక్కన పడుకున్న తెల్ల పురుగు నెల తిరిగేసరికి బూడిద రంగుకు తిరుగుతుంది.

అందుకే మెత్తని ఎరలన్నీ కొన్న ప్యాకెట్లలోనే ఉంచుతున్నాను. ప్యాకెట్లను ఒక పొడుగాటి డబ్బాలో పుస్తకాల్లా నిలబెట్టాను, రంగు పైకి కనిపించేలా. మడత పడి తోక వంకర పోయినవాటిని బాగా వేడిగా ఉన్న నీళ్లలో కొద్దిసేపు ముంచి, నిటారుగా పట్టుకుని చన్నీళ్లలోకి మార్చితే చాలావరకు సరవుతాయి. పది పురుగుల్లో ఏడు బాగుపడ్డాయి.

మూడో వారం, అందంగా సర్ది చెడగొట్టుకున్నాను

కొత్త పెట్టెలు వచ్చాయి. చదునుగా ఉండి, లోపలి అడ్డుగోడలు తీసి మార్చుకునే రకం. వీటిలో 3600, 3700 అనే రెండు సైజులు బాగా చలామణిలో ఉన్నాయి. మొదటిది దాదాపు 11 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు. రెండోది దాదాపు 14 అంగుళాలు, 9 అంగుళాలు. సంచులను కూడా ఈ కొలతలకు తగ్గట్టు కుడతారు కాబట్టి ఏదో ఒక సైజుకే కట్టుబడితే మంచిది. నేను చిన్నదే ఎంచుకున్నాను. పెద్దది నిండాక ఒడిలో పెట్టుకుని తెరిస్తే ఒకవైపు ఒరిగిపోతుంది.

శనివారమంతా కూర్చుని రకాలవారీగా సర్దాను. గాలాలన్నీ ఒక పెట్టెలో, సీసం గుండ్లన్నీ ఇంకో పెట్టెలో, స్వివెల్‌లు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కీళ్లు), క్లిప్పులు మూడో దానిలో, బెండ్లు నాలుగో దానిలో. చూడముచ్చటగా ఉంది. ఫోటో కూడా తీశాను.

ఆదివారం నీళ్ల దగ్గర ఆ ముచ్చట అరగంట నిలవలేదు. బెండు గాలం ఒక్కటి కట్టడానికి నాలుగు పెట్టెలూ తెరవాలి. నాలుగు మూతలు, ఉన్నవి రెండు చేతులు, పైగా గాలి. క్లిప్పుల పెట్టె మూత గాలికి పడి సగం గడ్డిలో చల్లింది. తోడుగా వచ్చిన మిత్రుడు పాత బనియను సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. ఒకే డబ్బాలో బెండ్లు, సన్న గాలాలు, గుండ్లు. నేను మూడో మూత తెరిచేలోపు ఆయన గాలం నీళ్లలో ఉంది. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చి అంతా తీసి మళ్లీ సర్దాను, ఈసారి పద్ధతివారీగా. ఒక దారానికి ఏమేం కట్టాలో అవన్నీ ఒకే పెట్టెలో. బెండు గాలానికి ఒకటి, అడుగున వేసే బరువు గాలానికి ఒకటి, విసిరి లాగే ఎరలకు ఒకటి. స్వివెల్‌లు మూడింటిలోనూ కొన్ని కొన్ని ఉంటాయి. ఒకే వస్తువు మూడు చోట్ల ఉండడం ఇంట్లో చూస్తే గందరగోళంలా అనిపిస్తుంది, గట్టు మీద అదే సుఖం. మిగిలిన నిల్వంతా రకాలవారీగా ఇంట్లోనే పెద్ద డబ్బాలో ఉంది. అది కదలదు. వెళ్లొచ్చాక అందులోంచి తీసి చిన్న పెట్టెలు నింపుతాను.

గాలాల నంబర్ల గురించి ఒక మాట. 16, 12, 8, 4 అని అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. పైగా ఒక తయారీదారు 6కు, ఇంకొకరి 6కు పొంతన ఉండదు. ప్యాకెట్లోంచి తీశాక ఏది 6, ఏది 8 అని కంటితో చెప్పడం కష్టం. అందుకని ప్యాకెట్ మీది నంబరు ముక్కను కత్తిరించి గడిలోపల అడుగున వేశాను. మూత మీద అంటిస్తే మూతలు మారినప్పుడు మోసపోతాం.

అయస్కాంతపు పట్టీ కూడా పెట్టి చూశాను, పెట్టె పడినా గాలాలు చెదరవని. కొద్ది రోజులకు గాలాలే అయస్కాంతాలై ఒకటి తీస్తే ఆరు వేలాడాయి. తీసేశాను.

నాలుగో వారం, సీసం

సీసం గుండ్లు ఏళ్లుగా ఒక పాత చెక్క పెట్టెలో ఉన్నాయి. తెరిస్తే మీద తెల్లని పిండి. బూజు అనుకుని ఊదబోయి ఆగాను, మంచిపని చేశాను. చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ లాంటి కలప నుంచి, అసిటిక్ ఆమ్లపు ఆవిరి సన్నగా వెలువడుతూ ఉంటుంది. తేమ గాలిలో అది సీసాన్ని తినేస్తూ తెల్లని లెడ్ కార్బనేట్‌గా మారుస్తుంది. అది విషం. చేతి తొడుగులు వేసుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేశాను. గుండ్లు ఇప్పుడు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. చెక్క పెట్టెకు వేరే ఉద్యోగం చూడాలి.

చిన్న గుండ్లను పళ్లతో నొక్కి దారానికి బిగించే అలవాటు నాకు చాలా ఏళ్లు ఉండేది. ఇప్పుడు చిన్న పట్టకారును తాడు కట్టి సంచికే వేలాడదీశాను. బ్రిటన్‌లో హంసలు ఈ గుండ్లు మింగి చనిపోతున్నాయని 1987 నుంచి 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు బరువున్న సీసం గుండ్లను నిషేధించారు. ప్రత్యామ్నాయాల్లో టంగ్‌స్టన్ అనే లోహం మేలైనది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, సీసానిది 11.3. అదే బరువుకు గుండు చిన్నదవుతుంది. ధర మాత్రం సీసంలా ఉండదు, అందుకే మెల్లగా మారుస్తున్నాను.

ఐదో వారం, దారం, రీళ్లు

నైలాన్ దారపు చుట్టలు ఇన్నాళ్లూ కిటికీ పక్క అల్మారాలో ఉన్నాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌ను బలహీనపరుస్తాయి. వేలాడే త్రాసుకు కట్టి లాగి చూశాను. చుట్ట మీద 4.5 కిలోలు అని రాసి ఉన్నది 2.5 దగ్గర తెగింది. ముడి దగ్గర బలం కొంత తగ్గుతుంది కాబట్టి, న్యాయంగా ఉండాలని అదే రకం కొత్త చుట్టను అదే ముడితో లాగాను. అది 4 దాకా నిలిచింది. పెద్ద చేప తెంచుకుపోయిందని నేను చెప్పుకున్న కథల్లో కొన్నింటిని ఇక సవరించుకోవాలి.

చుట్టలన్నీ ఇప్పుడు మూత ఉన్న నల్ల డబ్బాలో ఉన్నాయి. కర్రకు బిగించి దారం చుట్టే ప్రతి రీలు అడుగున చిన్న పట్టీ మీద దారం రకం, మందం, ఎక్కించిన నెల రాశాను. పాత దారాన్ని జానెడు ముక్కలుగా కత్తిరించి పారేశాను. పొడవుగా వదిలితే పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.

రీళ్లకు రెండే జాగ్రత్తలు. ఉప్పునీటి నుంచి వచ్చాక మంచినీళ్లతో మెల్లగా కడిగేటప్పుడు డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో నియంత్రించే భాగం) బిగించి ఉంచాలి, లోపలి వాషర్లలోకి నీరు పోకుండా. ఆరాక దాచేటప్పుడు అదే డ్రాగ్‌ను వదులు చేయాలి, లేకపోతే వాషర్లు నలిగి అతుక్కుంటాయి. గాలం కర్రలను మూలకు ఏటవాలుగా ఆనించడం మానేసి, నిటారుగా నిలబెట్టే పలక ఒకటి చేసుకున్నాను. ఎర కొక్కేన్ని దారం పోయే రింగుకు తగిలించే అలవాటు కూడా మానాలి. రింగు లోపలి పింగాణీకి చిన్న గాటు పడినా అది దారాన్ని కత్తిలా కోస్తుంది.

ఆరో వారం, జల్లెడ

ఈ ఆరు వారాల్లో నాకు బాగా నచ్చిన వస్తువు కొన్నది కాదు, మూలన పడి ఉన్న స్టీలు జల్లెడ. ఆ రోజు వాడిన ఎరలన్నీ తిరిగి పెట్టెలోకి పోవు. సంచి పక్కన వేరే జాలీ జేబులో పడతాయి, ఇంటికి రాగానే నీళ్లలో ముంచి తీసి జల్లెడలో ఆరతాయి. మర్నాడే పెట్టెలోకి. నీరు చొరబడని రబ్బరు అంచు పెట్టెలు కొనాలని మొదట్లో ఉబలాటపడ్డాను. బయటి తడిని రానివ్వని పెట్టె లోపలి తడిని కూడా పోనివ్వదని తరువాత తట్టింది. అలాంటివి పడవలో తిరిగేవారికి మంచివే, లోపల పెట్టేది పూర్తిగా పొడిగా ఉంటేనే.

ప్రతి పెట్టెలో ఒక సిలికా జెల్ పొట్లం వేశాను. రంగు మారే గుళికలు, నారింజ నుంచి ముదురు ఆకుపచ్చకు తిరిగితే తడి పీల్చుకున్నట్టు. ఓవెన్‌లో పళ్లెంలో పరిచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటన్నర ఉంచితే మళ్లీ పనికొస్తాయి. పొట్లంతో సహా పెట్టకూడదు, సంచీ మాడుతుంది. ఈ సంగతి ఎలా తెలిసిందో అడగవద్దు.

ఏడో వారం

సాయంత్రం కావాలనే ఆలస్యంగా వెళ్లాను. చీకట్లో తలదీపం పెట్టుకుని, గాలం, గుండు, బెండు అన్నీ కొత్తగా కట్టి నీళ్లలో వేసేసరికి నాలుగు నిమిషాలు. మోసుకెళ్లింది రెండు పెట్టెలు, ఒక డబ్బా. ఒక లోపం బయటపడింది. పెట్టెకు రెండువైపులూ ఒకేలా ఉండడంతో చీకట్లో తలకిందులుగా తెరిచాను. సన్న గాలాలు ఒడిలో పడ్డాయి. ఇంటికి వచ్చి మూతల మీద గరుకు కాగితం ముక్క అంటించాను. వేలికి గరుకుగా తగిలితే అది పైవైపు.

ఇంకా మిగిలినవి: పగిలిన ఐదు బెండ్లకు రంగు, కట్టి ఉంచిన గాలాలు చుట్టుకోవడానికి లావుపాటి ఫోమ్ గొట్టం, వెండి స్పూన్లలో రెండింటిని మిత్రుడికి ఇవ్వడం. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ కుప్ప ఇంకా మంచం కిందే ఉంది.